పాత యూనిక్స్‌లో టార్ ఫైలు సరిగ్గా విడవకపోతే సర్దుకోవాల్సింది ఎవరు?

సర్వర్‌గది: లినక్స్‌లో కట్టిన టార్ ఫైలు (చాలా ఫైళ్ళని ఒకే మూటగా కట్టినది) ఒకటి మాకు పంపారు. మా పాత యూనిక్స్ సర్వర్‌లో విప్పితే ‘లాంగ్‌లింక్’ అని మేమెప్పుడూ చూడని ఫైలు ఒకటి వచ్చింది, పొడుగు పేర్లన్నీ మధ్యలో తెగిపోయాయి. పంపినవాళ్ళని అడిగితే “మీ టార్ పాతది, గ్నూ టార్ (లినక్స్‌లో వాడే టార్ ప్రోగ్రాం) వేసుకోండి” అంటున్నారు. ఇది న్యాయమేనా?

షెల్‌బాట: న్యాయమే. గ్నూ టార్ ఉచితం, చాలా యూనిక్స్‌ల మీద కంపైల్ అవుతుంది. ఒక్కసారి వేసుకుంటే ఈ టెన్షన్ తీరిపోతుంది. 1988 నాటి యూస్టార్ అనే పాత టార్ ఫార్మాట్‌ని ఇంకా పట్టుకు వేలాడటం దేనికి?

బ్లాక్512: నేను ఒప్పుకోనండీ. పాత సర్వర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి చాలాచోట్ల అనుమతే ఉండదు, కొన్నింట్లో కంపైలరూ ఉండదు. పంపేవాళ్ళు మాత్రం ఒక్క ఆప్షన్ మారిస్తే చాలు, ఫార్మాట్ యూస్టార్ అవుతుంది.

అసలు జరిగింది ఇదీ. పాత టార్ హెడర్‌లో (ప్రతి ఫైలు ముందూ దాని వివరాలు రాసే భాగం) పేరుకి ఉన్న చోటు 100 బైట్లే. అంతకు మించితే గ్నూ టార్ పూర్తి పేరును లాంగ్‌లింక్ అనే అదనపు ఎంట్రీలో రాసి, అసలు హెడర్‌లో మొదటి ముక్క మాత్రమే ఉంచుతుంది. ఆ ఏర్పాటు తెలియని టార్ దాన్ని మామూలు ఫైలనుకుని డిస్క్ మీద పడేస్తుంది. నన్ను భయపెట్టేది ఆ వింత ఫైలు కాదు. పేరులో (ఫోల్డర్ల దారితో కలిపి) మొదటి 100 బైట్లూ ఒకేలా ఉన్న ఫైళ్ళు రెండుంటే, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. లోతైన ఫోల్డర్లలో ఇది మామూలే. దయచేసి ముందు ఫైళ్ళ లెక్క సరిచూసుకోండి.

పైగా అవి బైట్లు, అక్షరాలు కావు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘క్ష్మి’ ఒక్కటే 18 బైట్లు తింటుంది. తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్ళు ఈ గీత ఎంత తొందరగా దాటేస్తారో చూడండి.

షెల్‌బాట: మరి యూస్టార్‌లో మాత్రం? ఒక్కో ఫైలు 8 జీబీ దాటకూడదు. దారితో కలిపి పేరు 256 బైట్లు దాటితే అదీ పట్టదు. ప్యాక్స్ అనే మరో టార్ ఫార్మాట్ 2001 నుంచి పాజిక్స్‌లో (యూనిక్స్‌లన్నిటికీ ఉమ్మడి ప్రమాణం) ఉంది, దానికి ఈ హద్దుల్లేవు.

బ్లాక్512: హద్దుల మాట నిజమే. కానీ యూస్టార్‌లో పట్టని పేరుంటే గ్నూ టార్ అక్కడికక్కడే ఎర్రర్ చూపి ఆ ఫైలును వదిలేస్తుంది. అంటే తేడా పంపేవాళ్ళకే, ఒరిజినల్ చేతిలో ఉండగానే తెలుస్తుంది. ప్యాక్స్ తెలియని పాత టార్ ముందు ప్యాక్స్ పెట్టినా మళ్ళీ అదనపు ఫైళ్ళే, తెగిన పేర్లే. 8 జీబీ దాటిన ఫైలుంటే స్ప్లిట్‌తో ముక్కలు చేసి పంపి, అవతల క్యాట్‌తో కలుపుకోవచ్చు. రెండు వైపులా సీకేసమ్ (ఫైలులోని బైట్లను బట్టి ఒక అంకె లెక్కగట్టే కమాండ్) కొట్టి పోల్చండి. అది పాజిక్స్ కమాండే కాబట్టి ఎక్కడైనా ఒకే అంకె ఇస్తుంది.

సర్వర్‌గది: మా దగ్గర ఉన్నది ఏ ఫార్మాటో తెలిసేదెలా?

బ్లాక్512: ఫైలులోని బైట్లను చూపించే ఓడీ కమాండ్‌తో సున్నా నుంచి లెక్కపెట్టి 257వ బైటు దగ్గర చూడండి. ‘యూస్టార్’ ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది. దాని వెనక రెండు ఖాళీలుంటే గ్నూ. శూన్య బైటూ, రెండు సున్నా అంకెలూ ఉంటే పాజిక్స్ పద్ధతిది. గ్నూ అని తేలితే ఆ బైట్ల స్క్రీన్‌షాట్ జతచేసి, యూస్టార్‌లో మళ్ళీ కట్టి పంపమని అడగండి.