పుట్టింట్లో ఉండే కోలుకోవాలా, విడిగా గది తీసుకోవాలా?

ఉప్పుగాలి:
నాలుగేళ్ల కాపురం, రాజమండ్రిలో. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. కానీ ఏ మాట గుర్తుచేసినా "నేనలా అనలేదు, నీకు మతిమరుపు ఎక్కువైంది" అనేవాడు. కొన్నాళ్లకి నాకూ అదే నిజమనిపించి, రోజూ ఎవరేమన్నారో డైరీలో రాసుకునేదాన్ని. డైరీ కంటబడ్డాక "నా మీద నిఘానా?" అని పదిహేను రోజులు పలకలేదు. ఎనిమిది నెలల కిందట గాజువాకలో అమ్మావాళ్లింటికి వచ్చేశాను. ఉద్యోగం మద్దిలపాలెంలో ఒక ల్యాబ్‌లో.

ఎంవీపీ కాలనీలో ఒక గది చూశాను. స్నేహితురాలు వెంటనే తీసుకోమంటోంది. అమ్మేమో "మనసు కుదుటపడనీ, ఇంకో ఏడాది ఆగు" అంటోంది. మొన్న రైతుబజార్‌లో బీరకాయల ముందు, వంకాయల ముందు పది నిమిషాలు అటూఇటూ తిరిగాను. ఏది కొనాలో తేల్చుకోలేక రెండిటికీ ఫోటో తీసి అమ్మకి పంపాను. ఇలాంటిదాన్ని ఒంటరిగా ఉండగలనా? మీరే చెప్పండి.

28కె కిటికీ సీటు:
గది తీసుకో చెల్లీ. ఫోటో పంపడానికి మనిషి ఉన్నన్నాళ్లూ పంపుతూనే ఉంటావు. నేను విడిపోయాక రెండేళ్లు అన్నయ్యవాళ్లింట్లో ఉన్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. నా కాఫీలో పంచదార ఎంతో కూడా వదినే చూసుకునేది. హాయిగా ఉండేది, చిక్కంతా అక్కడే వచ్చింది.

గదిలో మొదటి రాత్రి గ్యాస్ కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేచాను. ఐదోసారి ఇంక లాభం లేదని రెగ్యులేటర్ ఊడదీసి తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను. నవ్వుకోండి. వారం తిరిగేసరికి దాని సంగతే మర్చిపోయాను.

ఒకటి మాత్రం చూసుకో. నీ బ్యాంకు ఖాతాకి ఉన్న ఫోన్ నంబర్ ఎవరిది? విడిపోయిన ఏడాదికి కూడా నా ఓటీపీలు అతని ఫోన్‌కే వెళ్తుండేవి. నామినీ పేరు, ఈమెయిల్ రికవరీ నంబర్ కూడా చూడు.

పెందుర్తి మాస్టారు:
నేను ఒప్పుకోను. మా అమ్మాయి ఇలాగే నెల తిరక్కుండా సీతమ్మధారలో గది తీసుకుంది. నలభై రోజులకి మళ్లీ అతని దగ్గరికే వెళ్లిపోయింది. పిరికిది కాదండీ, బ్యాంకు పరీక్ష ఒక్క దెబ్బకి పాసైన పిల్ల. అతను పది రోజులు పలకరింపు లేకుండా మాడ్చి, పదకొండో రోజు మాడుగుల హల్వా పట్టుకొచ్చేవాడు. ఆ పదకొండో రోజు కోసం ఈ పిల్ల పదీ ఓర్చుకునేది. కెనడాలో డటన్, పెయింటర్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1981లోనే దీని గురించి రాశారు. పెత్తనమంతా ఒకరి చేతిలో ఉండి, బాధ కాసేపు, ప్రేమ కాసేపు పెడుతుంటే ఆ బంధం తేలిగ్గా తెగదట. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఎవరూ లేకపోతే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఆ వేళకి పక్కన మనిషి ఉండాలి. ఎనిమిది నెలలు ఏపాటి?

బీచ్ బాబాయ్:
కొట్టలేదు, తాగలేదు. పెద్దలు కూర్చుని మాట్లాడితే పోయేదానికి ఇంత చర్చా?

ఫైళ్ల మోత:
బాబాయ్ గారూ, ఇరవై ఏళ్లుగా వకీలు దగ్గర గుమస్తాగా ఉన్నాను, ఈ "కొట్టలేదు కదా" రోజూ వింటాను. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ తిరగేయండి. మాటలతో, మనసుని నలిపి పెట్టే హింసా ఉంది, డబ్బు అందకుండా చేయడమూ ఉంది. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చట్టమిది.

అమ్మా, మీరు కేసు వేయాలనుకుంటే రాజమండ్రి తిరగక్కర్లేదు. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, 27వ సెక్షన్ ప్రకారం అక్కడి కోర్టులోనే వేయొచ్చు. ఇంకోటి, ఎవరూ చెప్పనిది: 19వ సెక్షన్ కింద వేరే వసతి గానీ దాని అద్దె గానీ అతనే ఇవ్వాలని అడగవచ్చు. ఇచ్చేది లేనిదీ మేజిస్ట్రేటు చూసుకుంటారు. ఆ డైరీ మాత్రం పారేయకండి. తేదీలతో రాసింది కదా.

రాత్రి షిఫ్ట్:
మాస్టారు గారూ, మీ మాటలో ఒక లొసుగుంది. పుట్టిల్లంటే చల్లటి చోటని ముందే అనుకున్నారు. నేను మగవాణ్ని, ముప్పై రెండేళ్లు. నాకు "అలా జరగలేదు, నువ్వే ఊహించుకున్నావ్" అని రోజూ చెప్పింది మా అమ్మే. ఫైళ్ల మోత గారి చట్టం నాకు వర్తించదు. మన విశాఖలో పిచ్చాసుపత్రి ఉన్నది చినవాల్తేరులో, "చినవాల్తేరు పంపాలిరా నిన్ను" అనేది తిట్టు కదా, అందుకని డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడ్డాను. చివరికి డ్యూటీలో ఉండగా మెట్ల మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్, 2022లో మొదలైంది, డబ్బులేం అడగరు, తెలుగులోనే మాట్లాడారు. తొమ్మిదింటి గండానికి మనిషే కావాలంటే, ఆ మనిషి ఇంట్లోవాళ్లే కానక్కర్లేదు.

పెందుర్తి మాస్టారు:
బాబూ, నీ మాట కాదనను. కానీ ఈ అమ్మాయి తల్లి అలాంటిదని ఎక్కడా అనలేదు.

28కె కిటికీ సీటు:
అనలేదు మాస్టారూ. మంచి తల్లే. వంకాయలా బీరకాయలా అని కూతురు ఫోటో పంపితే ఆవిడ ఏమన్నారో అడగండి.

ఉప్పుగాలి:
"బీరకాయలు తే, వంకాయలు నీకు పడవు" అంది. నాకు వంకాయలు పడకపోవడమన్నది ఎప్పుడూ లేదు. పడనిది నాన్నకి. అది రాస్తున్నప్పుడే గమనించాను, ఇంతకుముందు తట్టలేదు.

మాస్టారు గారూ, మీరన్న తొమ్మిదింటి మాట నిజమే, నాకూ ఆ వేళే కష్టం. గది ఇచ్చేవాళ్లు కింద అంతస్తులోనే ఉంటారు, ముసలి దంపతులు. పదకొండు నెలల అగ్రిమెంట్. నిన్న అడ్వాన్స్ ఇచ్చాను. బ్యాంకులో నంబర్ కూడా మార్చాను, అక్కా. మీరు చెప్పినట్టే అది పాత నంబరే.

ఈ ఆదివారం వంకాయలు కొన్నాను. సగం పుచ్చులు. మిగతా సగం వేపుడు చేశాను, కాస్త మాడింది. అమ్మ తిని ఏమీ అనలేదు గానీ, గదికి రెండో తాళంచెవి తనకి ఇమ్మంది. ఇంకా ఇవ్వలేదు.

28కె కిటికీ సీటు:
ఇవ్వకు.

పెందుర్తి మాస్టారు:
ఇవ్వమ్మా.