ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు వెయిటేజీ ఉండాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తండ్రి):
మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశపరీక్ష అయిన ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం చొప్పున లెక్కించి ర్యాంకు ఇస్తున్నారు. హైదరాబాదులో చదువుతున్న మా తమ్ముడి కూతురికి ఆ చింత లేదు; తెలంగాణ ప్రభుత్వం 2023లో వెయిటేజీని పూర్తిగా తీసేసింది. ఒకప్పుడు ఎంసెట్ పేరుతో ఒకటిగా నడిచిన పరీక్షకు ఇప్పుడు రెండు కొలతలు వచ్చాయి. వీటిలో ఏది న్యాయమో, మావాడు ఇంటర్ మార్కుల మీద ఎంత శ్రద్ధ పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (జూనియర్ కళాశాల గణిత అధ్యాపకుడు):
ముందు లెక్క చూడండి. ఈఏపీసెట్‌లోని 160 మార్కులను 75కు, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులను 25కు కుదిస్తారు కాబట్టి ఒక్క ఈఏపీసెట్ మార్కు పదకొండు ఇంటర్ మార్కులకు పైమాటే. 580 వచ్చినవారికీ 600 వచ్చినవారికీ మధ్య తేడా రెండు ఈఏపీసెట్ మార్కులైనా ఉండదు. 500 దగ్గర ఆగిపోయిన విద్యార్థి మాత్రం 580 వచ్చినవాడి కన్నా ఏడు మార్కులు వెనుకబడినట్టే. మధ్య ర్యాంకుల్లో ఆ ఏడు మార్కులకు కళాశాలే మారిపోతుంది.

అయినా నేను వెయిటేజీ పక్షమే. ద్విపద సిద్ధాంతంలో గుణకాల శ్రేణి మొత్తాన్ని నిరూపించమంటే ఇంటర్‌లో ఏడు మార్కులకు మెట్టుమెట్టుగా రాయాలి. అదే శ్రేణి ఈఏపీసెట్‌లో వస్తే, ఎన్ స్థానంలో 2 వేసి, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏది సరిపోతుందో చూసి గుర్తించి ముందుకు వెళ్లిపోతారు. ఆ చురుకుదనం అవసరమే, కానీ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో గణితం పేపరు రాసేటప్పుడు అది ఆదుకోదు. ప్రాక్టికల్స్‌లో 30కి 30 ఉదారంగా వేసే అలవాటును మాత్రం నేను సమర్థించను.

సమాధానం 2 (చెన్నైలో స్థిరపడిన తెలుగువాడు):
తమిళనాడు 2007 నుంచి ఇంజనీరింగ్‌కు ప్రవేశపరీక్షనే ఎత్తేసి, ప్లస్ టూలో గణితానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 50 చొప్పున 200 మార్కులకు కటాఫ్ లెక్కిస్తోంది. కోచింగ్ స్తోమత లేని పల్లెటూరి పిల్లలు నష్టపోకూడదన్నది దాని ఉద్దేశం. అయితే 200కి 200 తెచ్చుకునేవారు పలువురు ఉండటంతో పైవరుసలో ఎవరు మెరుగో తేల్చడం కష్టమైంది. ప్రభుత్వ బడి పిల్లలకు 2021లో ఇంజనీరింగ్‌లోనూ 7.5 శాతం సీట్లు విడిగా కేటాయించాల్సి వచ్చింది. పరీక్ష పోయినా అసమానత పోలేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

సమాధానం 3:
అధ్యాపకుల వారితో సగమే ఏకీభవిస్తాను. జాతీయ స్థాయి ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చారు. ఒక్కో బోర్డు ఒక్కో తీరున మార్కులు వేస్తుంటే వాటిని ఒకే త్రాసులో తూచడం సాధ్యం కాదన్న విమర్శల నడుమ 2017లో దాన్ని తీసేశారు. ఈఏపీసెట్‌లోనూ సీబీఎస్‌ఈ పిల్లల పక్కన ఇంటర్ బోర్డు పిల్లలను నిలబెడితే ఇదే చిక్కు. గుంటూరు వారికి ఒక్క మాట: పబ్లిక్ పరీక్షలు మార్చిలోగా ముగిసి, ఈఏపీసెట్ మే నెలలో వస్తుంది కాబట్టి, ఇప్పుడు థియరీ గట్టిగా చదివించి, వేగం కోసం మాక్ టెస్టులను ఆ మధ్య వారాలకు వదిలేయండి. జేఈఈ మెయిన్ ద్వారా సీట్లిచ్చే ఎన్‌ఐటీల మీద ఆశ ఉంటే బోర్డులో సాధారణంగా 75 శాతం ఎలాగూ కావాలి.