పెన్‌డ్రైవ్ పెడితే ఫార్మాట్ చేయమంటోంది, లోపలి ఫైళ్లు కావాలి

ప్రశ్న

32 జీబీ పెన్‌డ్రైవ్, ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) ఫ్యాట్32. విండోస్‌లో పెట్టగానే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు 29 జీబీ చిల్లర చూపిస్తోంది, ఫైల్ సిస్టమ్ దగ్గర మాత్రం "రా" (విండోస్ దాన్ని గుర్తించలేదని) అని ఉంది. కొన్నాళ్లుగా కాపీ మధ్యలో ఆగిపోవడం, డ్రైవ్ బాగా వేడెక్కడం ఉంది. చెక్‌డిస్క్ నడపమంటారా?

జవాబు 1

వద్దండి, ఫార్మాట్ కూడా వద్దు. చెక్‌డిస్క్ సరిచేసే పనిలో డ్రైవ్ మీదే రాస్తుంది. చిప్ చెడిపోతున్నప్పుడు అలా రాయిస్తే ఉన్నది కూడా పోతుంది.

సైజు సరిగ్గా కనిపించడం మంచి గుర్తు, కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపే చిప్) ఇంకా పలుకుతోంది. సున్నా బైట్లనో, "నో మీడియా" అనో వస్తే మామూలు సాఫ్ట్‌వేర్‌తో పని జరగదు, రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి.

ముందు మొత్తం డ్రైవ్‌కి ఇమేజ్ (ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా నకలు) తీయండి. హబ్, ఎక్స్‌టెన్షన్ కేబుల్ లేకుండా డెస్క్‌టాప్ వెనక పోర్టులో పెట్టండి. లైవ్ లైనక్స్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్) డ్రైవ్‌ని మౌంట్ చేయకుండా (ఫైళ్లు చూడటానికి తెరవకుండా), డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో దాని పేరు చూసుకుని, చెడుతున్న డిస్కుల నుంచి ఇమేజ్ తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ నడపండి. మొదటి విడత "హైఫన్ డీ", "హైఫన్ ఎన్" ఆప్షన్లతో: తేలిగ్గా చదవగలిగినదంతా ముందు వచ్చేస్తుంది. రెండో విడతలో "ఎన్" తీసేసి "హైఫన్ ఆర్3" పెడితే, చదవలేక మిగిలిన సెక్టార్లను (డ్రైవ్‌లోని చిన్న చిన్న భాగాలను) మరో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. రెండు విడతలకీ ఒకటే మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) ఇవ్వాలి. డ్రైవ్ మధ్యలో మాయమైతే పీకి, చల్లారాక పెట్టండి, ఆగిన చోటినుంచే సాగుతుంది. కానీ లైనక్స్‌లో డ్రైవ్ పేరు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయి ఉండొచ్చు, పేరు మళ్లీ చూసుకోండి. కమాండ్‌లో మూలం (పెన్‌డ్రైవ్) ముందు, గమ్యం (ఇమేజ్ ఫైల్) తర్వాత. తారుమారైతే అంతా పోయినట్టే.

ఇమేజ్ పెట్టే డిస్క్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటిది అయి ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

జవాబు 2

ఇమేజ్ వచ్చాక దానికో నకలు తీసి, ఆ నకలు మీదే టెస్ట్‌డిస్క్ (పాడైన ఫైల్ సిస్టమ్ సరిచేసే సాఫ్ట్‌వేర్) నడపండి. "రా" అని రావడానికి తరచూ కారణం బూట్ సెక్టార్ (ఫైల్ సిస్టమ్ వివరాలుండే మొదటి సెక్టార్) పాడవడమే. ఫ్యాట్32లో దాని నకలు సాధారణంగా 6వ సెక్టార్‌లో ఉంటుంది. టెస్ట్‌డిస్క్ మెనూలో అడ్వాన్స్‌డ్‌లో పార్టిషన్ ఎంచుకుని, బూట్‌లోకి వెళ్లి, "బ్యాకప్ బీఎస్" నొక్కితే అది తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఫోల్డర్లు, పేర్లు అలాగే దొరికే అవకాశం ఎక్కువ.

అది కుదరకపోతేనే ఫోటోరెక్ (ఫైళ్లను వాటి రకం గుర్తులను బట్టి వెతికి తీసే సాఫ్ట్‌వేర్). పేర్లు రావు, ముక్కలుగా పడి ఉన్న పెద్ద ఫైళ్లు తరచూ చెడిపోయి వస్తాయి.

అడిగినవారు

ఇమేజ్ పూర్తయింది, చివర్లో కొన్ని సెక్టార్లే పోయాయి. ఫైళ్లు పేర్లతో సహా వచ్చాయి, చాలా థాంక్స్. ఇప్పుడు ఫార్మాట్ చేయబోతే "రైట్ ప్రొటెక్టెడ్" అంటోంది. మళ్లీ వాడుకోవచ్చా?

జవాబు 1

పక్కన లాక్ స్విచ్ ఉందేమో చూడండి. లేకపోతే విండోస్ కమాండ్ టూల్ డిస్క్‌పార్ట్‌లో సరైన డిస్క్ ఎంచుకుని "యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ" ఇవ్వండి. అయినా వదలకపోతే కంట్రోలరే తాళం వేసినట్టు. చెడిన బ్లాకుల బదులు వాడే అదనపు బ్లాకులు అయిపోతే చాలా కంట్రోలర్లు ఇలా చదవడానికి మాత్రమే ఒప్పుకుంటాయి.

ఒకవేళ వదిలి, ఫార్మాట్ అయినా నమ్మకండి. డ్రైవ్‌ని పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో డ్రైవ్ నిండా రాయించి, తిరిగి చదివించండి. ఒక్క తప్పు వచ్చినా పక్కన పడేయాల్సిందే.

జవాబు 2

పడేసేముందు ఒక మాట: రాయనివ్వని డ్రైవ్‌లో మీ ఫైళ్లు చెరపలేరు, అన్నీ అలాగే ఉంటాయి. కనెక్టర్ విరిస్తే చాలదు. పైకప్పు తీసి, బోర్డు మీద ఉన్న పెద్ద నల్ల చిప్‌ని పగలగొట్టండి, డేటా ఉండేది అందులోనే.