రాడార్‌లో ఖాళీ కనబడుతున్నా విమానం అటు ఎందుకు వెళ్లదు?

బెంజిసర్కిల్:
మే నెల సాయంత్రాలు నల్లగా కమ్ముకొచ్చిందంటే గన్నవరం దిగాల్సిన విమానాలు పైనే చుట్లు కొడుతుంటాయి. మచిలీపట్నం డాప్లర్ (వాతావరణ) రాడార్ బొమ్మలో రెండు ఎర్ర ముద్దల (జోరువాన చోట్ల) మధ్య దారి కనబడుతూనే ఉంటుంది కదా, అందులోంచి ఎందుకు రారు? వాన ఇంకా కాస్త దూరాన ఆగిరిపల్లి మీదే ఉంటే గన్నవరంలో దిగడానికి అడ్డేమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

మేఘమార్గం:
మంచి ప్రశ్నండీ. ముందు ఆ ఖాళీ సంగతి. మీరు చూసే బొమ్మ కొన్ని నిమిషాల పాతది. ఎదిగే క్యుములోనింబస్ (ఉరుముల మేఘం) నిమిషానికి రెండు మూడు వేల అడుగులు లేవగలదు, పైలట్ అక్కడికి చేరేలోపు దారి మూసుకుపోవచ్చు. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కి.మీ. ఎడం ఇవ్వాలి. రెండు ముద్దల మధ్య నుంచి పోవాలంటే 40 నాటికల్ మైళ్లు కావాలన్నమాట.

విమానం ముక్కులోని రాడార్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. దాని తరంగం 3 సెం.మీ.దే, దట్టమైన వాన దాన్ని మింగేస్తుంది. ఎరుపు వెనక నల్లగా కనబడేది ఖాళీ కాకపోవచ్చు, రాడార్ నీడ కావచ్చు. అసలు ముద్ద దాని వెనకే ఉండొచ్చు. పైగా రాడార్‌కు నీటి చుక్కలు కనబడినంత బాగా పొడి వడగళ్లు, మంచు కనబడవు. వేసవిలో మన దగ్గర సున్నా డిగ్రీల మట్టం సుమారు 16 వేల అడుగులు, దానికి బాగా పైన మేఘంలో ఎక్కువగా మంచే. 35 వేలలో ఎగురుతూ యాంటెన్నాను తిన్నగా పెడితే మేఘం తల లేత ఆకుపచ్చగా కనబడి మోసం చేస్తుంది. కిందకు వంచి దాని పొట్ట చూడాలి. పక్కకు తప్పుకునేటప్పుడు గాలి వచ్చే వైపు నుంచే పోవాలి, రెండో వైపు వడగళ్లు దూరందాకా విసిరిపడతాయి.

రన్‌వే26:
ఆగిరిపల్లి వాన గురించి: మేఘం నుంచి కిందకు పడిన చల్లగాలి నేలను తాకి వానకంటే ముందే ఈదురుగాలిగా పరిగెత్తుతుంది. మైక్రోబర్స్ట్ (ఒకేచోట ఒక్కసారిగా కిందకు కుమ్మరించే గాలి) అయితే వెడల్పు 4 కి.మీ. లోపే, ఉండేది 5 నుంచి 15 నిమిషాలు. అందులోకి దిగే విమానానికి ముందు ఎదురుగాలి పెరిగి వేగం ఎక్కువవుతుంది. పైలట్ పవర్ తగ్గించాడా, చిక్కాడు. వెంటనే గాలి కిందకు తొక్కుతుంది, ఆపై వెనకగాలి వచ్చి వేగం పడిపోతుంది. తప్పించుకోవాలంటే పూర్తి పవర్ ఇచ్చి ముక్కు పైకెత్తాలి (ఎయిర్‌బస్ 320లో 17.5 డిగ్రీలు). గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) ముట్టుకోకూడదు. చక్రాలు ముడవబోతే గేర్ తలుపులు తెరుచుకుని గాలి అడ్డు పెరుగుతుంది. అందుకే గాలివాన దాటిపోయేదాకా పైన చుట్లు కొట్టడమే మేలు.

బెంజిసర్కిల్:
అనుకోకుండా మేఘం లోపలికి వెళ్లిపోతే?

మేఘమార్గం:
వెనక్కి తిరగకూడదండీ. మలుపులో రెక్కల మీద భారం పెరుగుతుంది, లోపల ఉండే సమయమూ పెరుగుతుంది. కుదుపుల వేగానికి (కుదుపులు తట్టుకునేందుకు నిర్ణయించిన వేగానికి) రావాలి: ఎయిర్‌బస్ 320కి 20 వేల అడుగుల పైన 275 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు) లేదా మాక్ 0.76 (ధ్వని వేగంలో 0.76 వంతు), ఏది తక్కువైతే అది. రెక్కలు సమంగా ఉంచి, ఎత్తు కొంచెం అటూఇటూ అయినా వెంటపడి సరిచేయకూడదు. ఇంజన్ ఇగ్నిషన్ (మంట ఆరకుండా నిప్పురవ్వ), సీట్‌బెల్టు గుర్తు వేసి, మెరుపులకు కళ్లు చెదరకుండా కాక్‌పిట్ లైట్లు బాగా పెంచాలి.

రన్‌వే26:
ఏటీఆర్ 72 (ప్రొపెల్లర్ల చిన్న విమానం) సంగతి వేరు. అది తిరిగే 17-20 వేల అడుగుల మధ్యే మన ఆకాశంలో మంచు పట్టేది. రెక్కల ముందు అంచున రబ్బరు బూట్లు (తొడుగులు) ఉబ్బి దాన్ని విరగ్గొట్టినా, వేగం తగ్గుతుంటే కిందకు దిగడమే. చుట్లు ఎంతసేపు అన్నది ఇంధనం తేలుస్తుంది: హైదరాబాదో మరో ప్రత్యామ్నాయమో చేరి, ఆపైన రిజర్వు మిగలాలి. ఆ లెక్కకు రాగానే మళ్లిపోవాలి.