నామిక్‌లో "అబద్ధం ఆడకూడదు" అని రూల్ పెడితే నిలబడుతుందా?

పాచికలపిచ్చి:
మేం ఐదుగురం గ్రూప్ చాట్‌లో నామిక్ ఆడుతున్నాం. తెలియనివాళ్లకి: వంతు వచ్చినవాళ్లు ఆట రూల్స్‌లోనే ఒక మార్పు ప్రపోజ్ చేసి ఓటుకి పెట్టి, తర్వాత పాచిక వేసి పాయింట్లు కలుపుకునే ఆట ఇది, నూరు ముందు చేరినవాడు గెలుస్తాడు. పీటర్ సూబర్ 1982లో ఇచ్చిన మొదటి రూల్సే, పెద్దగా మార్చలేదు. రెండు రౌండ్లు దాటాయి కాబట్టి రూల్ నంబర్ 203 ప్రకారం ఇప్పుడు ఏకగ్రీవం అక్కర్లేదు, మెజారిటీ చాలు. నిన్న ఒకాయన నా ప్రపోజల్‌కి సరే అంటానని చాట్‌లో అందరి ముందూ మాటిచ్చి, తీరా ఓటింగ్ వచ్చేసరికి వద్దన్నాడు. ప్రపోజల్ ఎలాగూ నెగ్గింది, కానీ నెగ్గినదానికి ఎదురు ఓటేసినవాళ్లకి 204 పది పాయింట్లు ఇస్తుంది కదా, అవి కొట్టేశాడు. ఇదేంటని అడిగితే "రూల్ ఆపని పని ఏదైనా చెయ్యొచ్చని 116లో ఉంది, చదువుకో" అని జవాబు. ఒళ్లు మండిపోయింది.

నా తర్వాతి వంతుకి ఇది పెడదామనుకుంటున్నా: "ఆటగాళ్లెవరూ అబద్ధం ఆడకూడదు. ఆడినవారికి 20 పాయింట్లు కోత. గడిచిన వంతులకు కూడా ఇది వర్తిస్తుంది." లొసుగులు ఉంటే చెప్పండి.

చిక్కుముడి:
మూడో వాక్యం ముందు కొట్టేయండి. రూల్ మార్పు ఏదీ వెనక్కి వర్తించదని 107 తెగేసి చెప్తుంది, పైగా అది మార్చరాని రూల్. కాబట్టి నిన్నటి పది పాయింట్లు పోయినట్టే.

అసలు తలనొప్పి మొదటి వాక్యం. అబద్ధం అంటే ఏమిటో మీరు రాయలేదు కాబట్టి గొడవొస్తే 212 ప్రకారం జడ్జి తేలుస్తాడు, అంటే వంతు ఎవరిదైతే వాళ్లకి ముందు ఆడినవాడు. మొన్నటి జడ్జి తీర్పుకి ఇవాళ్టి జడ్జి కట్టుబడక్కర్లేదు. మిగతావాళ్లందరూ ఒక్కమాట మీద ఉంటే తప్ప ఆ తీర్పు చెల్లాల్సిందే. ఇవాళ వెటకారం అబద్ధం కాదంటారు, రేపు అవుతుందంటారు.

ఇంకో ప్రమాదం ఉంది. మీ రూల్ నెగ్గిన మర్నాడే ఒకడు వచ్చి "నేనిప్పుడు అంటున్న ఈ మాట అబద్ధం" అని చాట్‌లో పడేస్తాడు. నిజమైతే అబద్ధం, అబద్ధమైతే నిజం. ఆటగాడు వేసిన ఎత్తు రూల్ ప్రకారం చెల్లుతుందో లేదో సరిసమానంగా కనిపిస్తే, వంతు ముగించలేక మొదట ఆగిపోయినవాడే విజేత అని 213లో రాసుంది, చూశారా? మీరు ఒక మోసగాణ్ని పట్టుకోబోయి ఇంకో తెలివైనవాడికి ఆట అప్పజెప్తున్నారు. మీ గ్రూప్‌లో ఒక్కడైనా ఆ పనికి సిద్ధంగా ఉండే ఉంటాడు, నామిక్ ఆడేవాళ్లంతా ఆ బాపతే.

నిదానమే:
నేను ఇంకో వైపు నుంచి చెప్తా. ఆయన చేసింది అబద్ధమేనా? మాటిచ్చినప్పుడు నిజంగానే సరే అందామనుకుని, పది పాయింట్లు కళ్ల ముందు మెరిశాక మనసు మార్చుకుని ఉండొచ్చు. అది మాట తప్పడం. అబద్ధం రూల్‌తో దాన్ని పట్టుకోవాలంటే ఆ నిమిషంలో ఆయన మనసులో ఏముందో నిరూపించాలి, ఎలా నిరూపిస్తారు? మాట తప్పినందుకు శిక్ష వెయ్యాలంటే మాటకే వేరే రూల్ పెట్టండి: ఫలానా విధంగా చాట్‌లో రాస్తే అది హామీ, తప్పితే ఇంత కోత. అప్పుడు మనసుతో పనిలేదు, ఓటు చూస్తే తెలిసిపోతుంది.

రెండోది, అబద్ధం "చెల్లదు" అని మాత్రం పొరపాటున కూడా రాయొద్దు, "శిక్ష పడుతుంది" అని రాయండి. అగోరా అని 1993 నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న నామిక్ ఉంది, వాళ్లు ఈ తేడాని చాలా గట్టిగా పాటిస్తారు. చెయ్యలేని పని వేరు, చేస్తే జరిగిపోయేదే కానీ తప్పయ్యే పని వేరు. మీ ఆటలో పాచిక ఎవరింట్లో వాళ్లు వేసి అంకె చెప్తారు కదా. ఒకడు రెండు పడితే ఆరు అన్నాడనుకోండి, నాలుగు వంతుల తర్వాత బయటపడింది. అబద్ధం చెల్లదని రాసుంటే ఆ ఆరుతో ఎవరైనా నూరు దాటి గెలిచేసి ఉంటే అదీ చెల్లదు, ఆ తర్వాత వేసిన ఓట్లూ అనుమానమే, అంతా మొదటికొస్తుంది. శిక్ష మాత్రమే అయితే స్కోరు అలాగే ఉంటుంది, దొంగకి కోత పడుతుంది, ఆట ముందుకి పోతుంది.

గోడమీదపిల్లి:
ఇంత టెన్షన్ ఎందుకండీ? డిప్లొమసీ అనే బోర్డ్ గేమ్‌లో చర్చల్లో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, కాగితం మీద రాసిన ఆర్డరే లెక్క. ఆ ఆటకి రుచి వచ్చేదే అక్కడ. మీకు నొప్పి పుట్టింది పది పాయింట్ల దగ్గర, మరి 204నే మార్చేయొచ్చు కదా! వెన్నుపోటుకి బహుమతి ఇచ్చే రూల్‌ని అలాగే ఉంచి, వెన్నుపోటు తప్పని ఇంకో రూల్ రాస్తానంటే నవ్వొస్తోంది.

పాచికలపిచ్చి:
204 మారుద్దామంటే మిగతా ముగ్గురూ ఒప్పుకోరు, వాళ్లకీ ఆ పది పాయింట్ల మీద ఆశ ఉంది. పైగా ఓడిన ప్రపోజల్‌కి 206 కింద నాకే పది పోతాయి. అందుకే ఇలా తగ్గించి రాశా:

"పాచిక మీద పడిన అంకె గురించి గానీ, స్కోరు గురించి గానీ, తప్పని తెలిసి, ఇతరులను తప్పుదారి పట్టించాలని గ్రూప్ చాట్‌లో చెప్పిన ఆటగాడికి 20 పాయింట్లు కోత. చెప్పిన మాట ఆధారంగా జరిగినవి మారవు. 'హామీ' అనే పదంతో మొదలుపెట్టి గ్రూప్ చాట్‌లో ఓటు మాట ఇచ్చి తప్పిన ఆటగాడికి 15 పాయింట్లు కోత."

వ్యక్తిగత మెసేజ్‌లు, వెటకారం, బుకాయింపులు ఇందులో లేవు, కావాలనే వదిలేశా.

చిక్కుముడి:
పారడాక్స్ వాడికి దారి మూసుకుపోయింది, బాగుంది. 15 పెట్టడం కూడా తెలివే, 204 ఇచ్చే పది కన్నా ఎక్కువ పోతుంది కాబట్టి మాట తప్పితే నష్టమే. ఒక్కటి మిగిలింది: నేను హామీ ఇచ్చాక మీరు ప్రపోజల్‌లో ఒక పదం మార్చేస్తే? "హామీ ఇచ్చిన నాటి పాఠానికే" అని చేర్చండి, లేదంటే రెండో రోజే నేను మీకు ఆ పని చేస్తా.