నలభై ఏండ్ల పూల్ ఆట బందు వెడ్తుంటే: టేబుల్, క్యూలు, కండ్లు, నడుము

హన్మకొండ_కార్నర్
అన్నలూ, జిందగీ అంతా పూల్ (బిలియర్డ్స్ లెక్క కర్రతోని బంతులు కొట్టే టేబుల్ ఆట) ఆడి ఇగ చాలనుకునేటోళ్లకు పనికొచ్చే ముచ్చట్లు ఒక్కకాడ జమ చేద్దాం. లెక్కకు గిట్ల అనుకోండ్రి: మేడ మీద 9 అడుగుల టేబుల్, క్లాత్ కింద మూడు ముక్కల స్లేట్ (రాతి పలక). ఇంట్ల రెండు క్యూలు (కొట్టే కర్రలు), ఆడే పార్లర్ లాకర్ల ఇంకోటి. ఒక సెట్టు బంతులు. నడుము, కండ్లు రెండూ మొరాయిస్తున్నయ్. ముందుగాల దేనికెల్లి మొదలువెట్టాలె?

కాజీపేట_బ్రేక్
లాకర్ ఖాళీ చేయుండ్రి. నవ్వకుండ్రి. క్యూ ఆడ ఉన్నన్ని రోజులు "క్యూ తెచ్చుకుందామని పోయిన" అనే సాకు ఉంటది. కట్టిన డిపాజిట్, కార్డుల మిగిలిన గంటలు కూడా అప్పుడే అడిగి తీస్కోండ్రి.

ఓడినోడే టేబుల్ పైసలు కట్టే కాడ మానుడు ఇంకా కష్టం. ఓడితే వసూలు చేస్కోవాలనిపిస్తది, గెలిస్తే ఫ్రీగ ఆడినం కదా అని ఇంకో గేమ్. మెల్లమెల్లగ తగ్గిద్దామనుకునేటోళ్లు ముందు గా లెక్క మార్చుండ్రి: గంటకు ఎంతయితే అంత, సగం సగం. ఆడేది పగటిపూట ఒక్క గంట. రాత్రి తొమ్మిదింటికి మొదలైన ఆట పదింటికి ఆగదు, అందరికీ ఎరుకే.

సుబేదారి_అద్దాలు
కళ్ల సంగతి తేల్చుకోకుండా మాత్రం మానేయకండి. "గురి పోయింది" అనుకునేవాళ్లలో చాలామందికి పోయింది గురి కాదు, అద్దాలు కుదరలేదంతే. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి. క్యూ మీదికి వంగితే తల కిందికి, చూపు పైకి పోతుంది. అప్పుడు చూసేది అద్దం పై అంచులోంచి, లేదంటే ఫ్రేమ్ మీదుగా. అంచు దగ్గర బొమ్మ వంకర తిరుగుతుంది, సన్నటి కట్ షాట్లు (బంతి అంచును తాకించే దెబ్బలు) వెంట్రుకవాసిలో తప్పుతాయి.

చేయాల్సింది: ఆట కోసమే విడిగా ఒక జత, ఒకే పవర్‌తో. కొట్టే బంతి సాధారణంగా మీటరు నుంచి రెండున్నర మీటర్ల లోపు ఉంటుంది కాబట్టి, పవర్ ఆ దూరానికి చూపించుకోండి. ఫ్రేమ్ పైకి ఎత్తుగా ఉండాలి. షాపులో కౌంటర్ మీదికి ఆటలో వంగినట్టే వంగండి, అప్పుడు కంటిపాప ఎదురుగా డమ్మీ అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టమనండి. అద్దం సెంటర్ అక్కడికి రావాలి. నిటారుగా కూర్చోబెట్టి కొలిస్తే ఆ జత మళ్లీ దండగే. 1985లో స్నూకర్ ప్రపంచ టైటిల్ గెలిచిన డెనిస్ టేలర్ పెట్టుకున్న పెద్ద అద్దాల కిటుకు ఇదే.

టేబుల్ లైటు చుట్టూ వలయాలు కనిపిస్తుంటే మాత్రం శుక్లాలేమో చూపించుకోండి. దానికి అద్దం మార్చి లాభం లేదు.

పెద్దపల్లి_టిప్
నడుముకు కూడా మానే ముందు ఒక తాప చూస్కోవచ్చు. వంగుడు నడుము కాడ కాదు, తుంటి కాడ. ముందటి మోకాలు కొంచెం వంచి, గడ్డం క్యూకు ఆనకుండ తల జానెడు పైకి లేపి కొట్టుండ్రి. ఒక కాలు గాల్లకు లేపి అందుకునుడు బందు, క్యూను ఆనించే రెస్ట్ కర్ర వాడుండ్రి. సిగ్గేం లేదు. టేబుల్ ఎత్తు నేలకెల్లి 29 అంగుళాల పావు నుంచి 31 దాకా ఉంటది. ఇంటి టేబులే అయితే కాళ్ల కింద సమానంగ రెండంగుళాల కట్టె దిమ్మెలు పెట్టి, మళ్ల లెవెల్ చేసుకుంటే పొడుగోళ్లకు మస్తు తేడా తెలుస్తది. కాలుకు తిమ్మిరి దిగుతుంటే గివన్నీ వద్దు, డాక్టర్ దగ్గరికి పోవుడే.

ఇగ క్యూలు. మూలకు ఆనించి పెట్టకుండ్రి, షాఫ్ట్ (క్యూ ముందటి సన్న సగం) వంగుతది. సజ్జ మీద, రేకుల కింద, కారు డిక్కీల అసలే వద్దు. మన దిక్కు మే నెల ఎండకు కట్టె ఆరిపోతది, జూన్ల వానలు పడంగనే మళ్ల నీళ్లు గుంజుతది, గా రెండిటి నడుమ వంకర వస్తది. జాయింట్ విప్పి, రెండు కొసలకు టోపీలు పెట్టి, గట్టి కేసుల పండుకోబెట్టుండ్రి. పెట్టే ముందు షాఫ్ట్‌కు ఉన్న చాక్‌ను పొడి బట్టతోని తుడువుండ్రి. గరుకు కాయితం వెట్టి రుద్దకుండ్రి, రుద్దినకొద్దీ షాఫ్ట్ సన్నబడ్తది. వంకర సూడాలంటే దొర్లించి సూసుడు కన్న, బట్ (లావు కొస) కాడ కన్ను పెట్టి టిప్ (బంతికి తాకే తోలు కొస) దాకా చూస్తూ మెల్లగ తిప్పుతే తొందరగ దొరుకుతది. అమ్మేటట్టుంటే కొత్త టిప్ వెయ్యకుండ్రి, కొనేటోడు ఎట్లయినా తనకు ఇష్టమైంది వేస్కుంటడు.

కరీంనగర్_రాయి
టేబుల్ విప్పుడు మీద నాలుగు మాటలు. 9 అడుగుల దానికి ఒక్కో స్లేట్ ముక్క దాదాపు 5 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం. తూకం నూరు కిలోలకు అటు ఇటు. మార్కెట్ హమాలీలను పిలువకుండ్రి, బస్తా మోసే పద్ధతి వేరు. గ్రానైట్, మార్బుల్ షాపులల్ల పలకలు ఎక్కించి దించే పిల్లలు నలుగురు చాలు. రాయిని నిలువుగ పట్టుకోవాలని వాళ్లకు చెప్పనక్కర లేదు.

ముందు పాకెట్లు (బంతులు పడే జేబులు), తర్వాత కిందికెల్లి రైల్ (టేబుల్ చుట్టూ ఉండే ఆరు అంచు చెక్కలు) బోల్టులు. చానా టేబుళ్లకు రైలుకు మూడు లెక్కన పద్దెనిమిది ఉంటయ్. ప్రతి రైలుకు టేప్ అంటించి నంబర్ రాయుండ్రి. క్లాత్ పిన్నులతోని ఉంటే ఒక్కొక్కటి పీకాలె, గమ్‌తోని ఉంటే మెల్లగ గుంజాలె. పాత క్లాత్ మళ్ల వేద్దామనే ఆశ వద్దు, సాగింది సాగినట్టే ఉంటది.

అసలు పని గిక్కడ చెడ్తది. స్లేట్ల అతుకుల మీద తేనెమైనమో పుట్టీయో పూసి ఉంటది. స్క్రూ తలలు దాని కింద దాగి ఉంటయ్. ఒక్కటి మరిచి లేపిన్రంటే ఆ బొక్క కాడనే అంచు పెళ్లున విరుగుతది. మొత్తం గీకి, స్క్రూలు లెక్కబెట్టి, ఆయింత లేపుండ్రి. అడుగున నంబర్ రాయుండ్రి. ఫ్రేముకు, రాయికి నడుమ పెట్టిన సన్న చెక్కలు ఏది ఏడ ఉందో ఫోటో తీయుండ్రి.

మెట్లు దించేటప్పుడు తలుపు మోసినట్టు నిలువుగ. ట్రాలీ ఆటోల కూడా నిలువుగనే, కింద బొంత, ముక్కకు ముక్కకు నడుమ కార్పెట్, గట్టిగ కట్టాలె. పండవెట్టిన స్లేట్ ఒక్క స్పీడ్ బ్రేకర్‌కు రెండు ముక్కలైతది. పూల్ టేబుల్ మొత్తం 450 కిలోల దాకా ఉంటది కాబట్టి ఒక ట్రాలీ సరిపోతది. 12 అడుగుల స్నూకర్ టేబుల్ అయితే ఐదు ముక్కలు, టన్ను దాటుతది, దానికి డీసీఎం లారీ మాట్లాడుకోవాలె.

మంచిర్యాల_కుషన్
అమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి, బేరంలో కొనేవాడు చేసేవి ఇవే. ఒకటి, పాకెట్ పక్కన అడుగు అంచు చూడాలి: మసక నల్లగా, బూడిద రంగులో ఉంటే స్లేట్, తెల్లగా చక్కెర పలుకులా మెరిస్తే మార్బుల్. రెండు, కుషన్ (బంతి తగిలి వెనక్కి వచ్చే రబ్బరు అంచు). హెడ్ స్పాట్ (ఆట మొదలుపెట్టే వైపు చుక్క) దగ్గర వైట్ బంతి పెట్టి, క్యూ సమంగా పట్టి, బంతి మధ్యలో గట్టిగా ఒక్క దెబ్బ కొడితే టేబుల్ పొడవుకు నాలుగింతలైనా పోవాలి. రెండున్నర ఇంతలకే ఆగి, కుషన్ దగ్గర టక్కుమని శబ్దం వస్తే రబ్బరు గట్టిపడిందని అర్థం. దాచకండి, ధర తగ్గించి అమ్మడమే నయం.

బంతులు గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బుతో కడిగితే చాలు. తాతల నాటి సెట్టు ఎవరింట్లోనైనా ఉంటే వెలుతురులో చూడండి. వల అల్లినట్టు ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలుంటే అది ఏనుగు దంతం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, దాన్ని అమ్మకానికి పెట్టొద్దు, అటవీ శాఖ వాళ్లను అడగండి.

హన్మకొండ_కార్నర్
మస్తు చెప్పిన్రు. అమ్మకుండ విప్పి పక్కకు పెడితే? రేపు పిల్లలు ఆడ్తమంటే?

కరీంనగర్_రాయి
స్లేట్‌కు ఏం గాదు, వందేండ్లు ఉంటది. చెక్క పలకల మీద నిలువుగ నిలబెట్టి, తడి గోడకు ఆనకుండ చూస్కోండ్రి. ఫ్రేముకు, కాళ్లకు చెద భయం, నేల మీద పెట్టకుండ్రి, ఏడాదికి రెండుసార్లు తట్టి చూడుండ్రి. తోలు పాకెట్లల్ల ఎలుకలు గూడు పెడ్తయ్, వాటిని డబ్బాల వేసి మూత పెట్టాలె. కుషన్ రబ్బరు మాత్రం ఆడినా ఆడకున్నా ముసలిదైతది, గది ఖర్చు అప్పుడు తప్పదు.

కాజీపేట_బ్రేక్
బోల్టులు ఎవరి జేబులో పెట్టుకోకుండ్రి. సంచిల కట్టి, గా సంచి ఫ్రేముకే వేలాడదీయుండ్రి. ఒక్క రైల్ బోల్ట్ పోతే సేమ్ చూడి (మర) ఉన్నది దొరకపట్టుడుకు సగం దినం పోతది.