జపాన్ కార్బన్ ఉక్కు కత్తి నల్లబడింది, వాదర పెచ్చు లేచింది: బాగుచేసుకోవడం ఎలా?

ప్రశ్న (టోక్యో, నిషికసాయి నుంచి)

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం కప్పబాషి వీధిలో, అంటే ఉయెనోకూ అసాకుసాకూ నడుమ వంటసామాను దుకాణాలు బారులు తీరి ఉండే వీధిలో, కమ్మరి చేతితో సాగగొట్టిన నకిరి కత్తి (కూరగాయలు తరిగే జపాన్ కత్తి) ఒకటి కొన్నాను. అలుగు పొడవు 165 మిల్లీమీటర్లు. పైభాగం కొలిమి నుంచి తీసినట్టే నల్లగా ఉంటుంది, వాదర దగ్గర మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఉక్కు పేరు ‘షిరోగామి 2’ అని, జపాన్‌లోని ఎచిజెన్ అనే ఊరిలో తయారైందని దుకాణదారు చెప్పారు. మొదటి రోజు టమాటా తరిగినప్పుడు కత్తి దానంతట అదే దిగిపోతున్నట్టు అనిపించింది. ఇప్పుడు మూడు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, తెల్లగా ఉన్న భాగమంతా నీలం, బూడిద రంగు మరకలతో నల్లబడింది, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. రెండు, ఉల్లిపాయ, వంకాయ తరిగితే ముక్కల అంచులు నల్లగా మారి ఇనుము వాసన వస్తున్నాయి. మూడు, ఇక్కడి కబోచా గుమ్మడికాయను కోస్తుండగా కత్తి మధ్యలో ఇరుక్కుపోతే అటూ ఇటూ తిప్పి లాగాను. వాదర మీద రెండు చోట్ల ఆవగింజలో సగమంత పెచ్చు లేచిపోయింది. డబ్బు వృథా అయినట్టేనా, లేక దీన్ని బాగుచేసుకునే దారి ఉందా?

సమాధానం 1 (ఒసాకా నుంచి)

మీ కత్తికి ఏమీ కాలేదండీ. మీరు చెప్పిన మూడింటిలో ఒకటి అసలు లోపమే కాదు, ఒకటి కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, మూడోది సానరాయి మీద అరగంట పని.

ముందుగా మీ చేతిలో ఉన్నది ఏమిటో చూద్దాం. షిరోగామి అంటే తెల్ల కాగితం అని అర్థం. షిమానే ప్రాంతంలోని యసుగిలో ఈ ఉక్కును తయారుచేసే సంస్థ ఒక్కో రకానికి ఒక్కో రంగు కాగితం అంటించడం వల్ల ఆ పేర్లు స్థిరపడ్డాయి. ఆ సంస్థ చాలాకాలం హిటాచీ మెటల్స్‌గా ఉండి 2023లో ప్రొటీరియల్ అయింది. తెల్ల కాగితపు ఉక్కులో ఇనుము, ఒక శాతానికి కాస్త మించిన కార్బన్ తప్ప చెప్పుకోదగినంత వేరే లోహం కలపరు. నీలి కాగితపు ఉక్కు అయిన అవోగామిలో కొద్దిగా క్రోమియం, టంగ్‌స్టన్ కలుపుతారు కాబట్టి దాని పదును కొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు కావాలంటే కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. మీ కత్తిలో అది లేదు కాబట్టి గాలి, తడి, పులుపు తగిలిన ప్రతిసారీ వాదర రంగు మారుతూనే ఉంటుంది.

అయితే రంగు మారడం వేరు, తుప్పు పట్టడం వేరు. నీలం, బూడిద, నలుపు రంగుల్లో ఉండి వేలితో రాస్తే అంటకుండా నున్నగా ఉన్నది పలుచని ఆక్సైడు పొర. అది ఉక్కును అంటిపెట్టుకుని ఉండి, కింద ఉన్న లోహానికి కొంతవరకు కాపుదలగా పనిచేస్తుంది. ఎర్రగా, గరుకుగా ఉండి గుడ్డకు అంటుకునేదే తుప్పు. దాన్ని వదిలేస్తే గుంటలు చేసుకుంటూ లోపలికి తినేస్తుంది. మన ఇళ్లలో కత్తిపీట వాడినవారికి ఇది కొత్త సంగతి కాదు. దాని అలుగు ఎప్పుడూ నల్లగానే ఉండేది, పదునుగా ఉన్న అంచు మాత్రం సన్నని తెల్లటి గీతలా మెరిసేది, ఆ నలుపును ఎవరూ జబ్బుగా చూడలేదు. కాబట్టి నలుపును అలాగే ఉంచి ఎరుపును మాత్రమే తీయండి. ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణాల్లో తుప్పు తుడిచే రబ్బరు దొరుకుతుంది. అది లేకపోతే వంటసోడాను కొద్ది నీటితో ముద్దగా కలిపి, సీసా బిరడా ముక్కతో ఆ చుక్కల మీద మాత్రమే రుద్దినా సరిపోతుంది. ఇనుప పీచు వాడకండి, అది కొలిమి నలుపును కూడా గీకేస్తుంది. ఆ నలుపు అందం కోసం పూసిన రంగు కాదు, ఉక్కును కాల్చినప్పుడు ఏర్పడిన పొర, అది ఉన్నంత మేర తుప్పు భయం తక్కువ.

ఇక ముక్కలు నల్లబడటం గురించి. ఉల్లిపాయలో గంధకపు సమ్మేళనాలు, వంకాయ, అరటికాయ వంటి వాటిలో వగరునిచ్చే టానిన్ల వంటి పదార్థాలు ఉంటాయి. అవి శుభ్రమైన ఇనుముతో కలిసినప్పుడు ముదురు రంగు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన బట్టమీద, ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవంతో గీస్తే నల్లటి గీత పడేది కూడా ఈ చర్య వల్లనే. మీ వంకాయ ముక్క మీద చిన్న ఎత్తున జరుగుతున్నది అదే. వాదర మీద నల్లటి పొర స్థిరపడిన కొద్దీ పచ్చి ఇనుము కూరకు తగలడం తగ్గి, మరకా వాసనా రెండూ తగ్గిపోతాయి. అంతవరకు ఉల్లిపాయలు ఎక్కువగా తరగవలసి వస్తే రెండు మూడు కాయలకొకసారి కత్తిని తడిగుడ్డతో తుడిచి పని సాగించండి, వంకాయ ముక్కలను వెంటనే ఉప్పునీళ్లలో వేయండి. వంట ముగిసేదాకా కత్తిని తడితో పలక మీద వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. నిమ్మరసం అంటిన కత్తిని పది నిమిషాలు మరచిపోతే చాలు, కూడుకున్న పొర కూడా కరిగిపోతుంది.

సమాధానం 2 (హైదరాబాద్ నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక చిట్కా చేరుస్తాను. పొర దానంతట అది ఏర్పడేదాకా ఆగకుండా, గోరువెచ్చని వెనిగర్‌లో ముంచిన గుడ్డను అలుగుకు చుట్టి పది నిమిషాలు ఉంచి కడిగేస్తే ఒకేసారి నల్లటి పొర వస్తుంది. నేను అలాగే చేశాను. తరువాత కొబ్బరినూనె రాసి దాచుకుంటాను.

సమాధానం 1 ఇచ్చినవారు

మన్నించాలి, ఈ రెండింటిలోనూ నాకు అభ్యంతరం ఉంది. మీ కత్తి అలుగంతా తెల్లగా మెరుగుపెట్టినదై ఉంటే వెనిగర్ పద్ధతి పనిచేస్తుంది. అడిగినవారి కత్తికి పైభాగాన కొలిమి నలుపు ఉంది, వెనిగర్‌లోని ఆమ్లం ఆ నలుపును కరిగించి మచ్చలు మచ్చలుగా ఊడదీస్తుంది. చేయాలనుకుంటే తెల్లటి అంచుకు మాత్రమే అద్దాలి. నా మటుకు నేను రోజూ వండుకునే ఇంట్లో ఆ శ్రమ అనవసరమనే అంటాను. ఇక కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది, టోక్యో చలికాలంలో అది కత్తిమీద మైనంలా కూర్చుంటుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలికి జిగురుగా మారతాయి. జపాన్‌లో దీనికి వాడుకలో ఉన్నది త్సుబాకి (కమీలియా) చెట్టు గింజల నూనె. అది దొరకని చోట మందుల దుకాణంలో అమ్మే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు చాలు. అయినా రోజూ వాడే కత్తికి నూనె అక్కరలేదు, కడిగి పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలేచోట పెడితే సరిపోతుంది. ఊరికి వెళ్తున్నప్పుడు రాయండి.

ప్రశ్న అడిగినవారు

ఎరుపు చుక్కలు వంటసోడాతో పోయాయి, కృతజ్ఞతలు. పెచ్చు సంగతి మాత్రం తేలలేదు. ఊరిలో ఉన్నప్పుడు సైకిలు మీద తిరుగుతూ సాన పట్టే మనిషికి ఇచ్చేవాళ్లం. సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు అలాంటివారి చేతికి ఇవ్వవచ్చా?

సమాధానం 3 (బెంగళూరు నుంచి, ఇంట్లో కత్తులు సాన పడుతుంటాను)

దయచేసి ఇవ్వకండి. తిరిగే చక్రం మీద పొడిగా పట్టినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి, సన్నని వాదర క్షణంలో వేడెక్కుతుంది. మీ ఉక్కును తయారీలో నీళ్లలో ముంచి గట్టిపరచిన తరువాత, పెళుసుతనం తగ్గించడానికి దాదాపు 150 నుంచి 200 డిగ్రీల మధ్య మళ్లీ వేడిచేసి ఉంటారు. అంతకు మించిన వేడి తగిలితే ఆ మేరకు గట్టిదనం పోతుంది. వాదర దగ్గర నీలిరంగు కనిపించిందంటే సుమారు 300 డిగ్రీలు దాటినట్టే, అక్కడ ఇక పదును నిలవదు. సైకిలు సాన మామూలు మెత్తటి కత్తులకు బాగానే పనికొస్తుంది, నేను దాన్ని తక్కువ చేయడం లేదు.

పెచ్చు ఎందుకు లేచిందో కూడా తెలుసుకోవాలి. ఈ కత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60కి పైన ఉంటుంది, మామూలు జర్మన్ స్టెయిన్‌లెస్ కత్తులది 56 నుంచి 58 వరకు. గట్టి ఉక్కును సన్నగా పదును పెట్టవచ్చు, కానీ అది వంగదు, విరుగుతుంది. తిన్నగా దిగే బలాన్ని తట్టుకుంటుంది, పక్కకు మెలిపెడితే ఓర్చుకోదు. అందుకే గుమ్మడికాయ, కొబ్బరిచిప్ప, ఎముక, ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన మాంసం, వీటికి వేరే మోటు కత్తి పెట్టుకోండి. కబోచా కోయక తప్పకపోతే రెండు మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టి మెత్తబడిన తరువాత కోయండి. గాజు, గ్రానైటు పలకల మీద తరగకండి. తరిగిన ముక్కలను వాదరతో గీకి గిన్నెలోకి తోయడం మనందరికీ ఉన్న అలవాటు. కత్తిని తిరగేసి వీపుతో తోయండి.

బాగుచేయడానికి రెండు రాళ్లు కావాలి: పెచ్చు అరగదీయడానికి 400 అంకెది, పదునుకు 1000 అంకెది. నానబెట్టవలసిన రకమైతే బుడగలు ఆగేదాకా నీళ్లలో ఉంచండి, కొన్ని రకాలకు పైన నీళ్లు చిలకరిస్తే చాలు. నకిరికి రెండు వైపులా వాలు ఉంటుంది. ఒక్కో వైపు 15 డిగ్రీల కోణం కావాలంటే, 50 మిల్లీమీటర్ల వెడల్పున్న అలుగుకు వీపు రాతి నుంచి దాదాపు 13 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. పది యెన్‌ల నాణేలు రెండు పేర్చి ఆ ఎత్తున పట్టమనే సలహా మీరు అక్కడ వినే ఉంటారు. ఒక్కో నాణెం మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే కాబట్టి లెక్క వేస్తే నాలుగు డిగ్రీలు కూడా రాదు. రేకు కొలబద్దతో ఒకసారి ఎత్తు చూసుకుని, ఆ కోణాన్ని చేతికి అలవాటు చేసుకోండి. 400 రాయి మీద ఒక వైపు రుద్దుతూ ఉంటే అవతలి అంచున వేలికి గీసుకునే సన్నని లోహపు మడత లేస్తుంది. మొన నుంచి మడమ దాకా ఆ మడత తగిలాకే రెండో వైపుకు మార్చండి. పెచ్చు ఉన్న చోటనే రుద్దాలనే ఆత్రుత కలుగుతుంది. అలా చేస్తే నకిరి తిన్నని వాదర లోపలికి వంపు తిరిగి, తరిగిన ముక్కలు విడిపోకుండా దండలా వేలాడతాయి. పెచ్చు అడుగు కనబడకుండా పోయేదాకా వాదర మొత్తాన్నీ సమంగా అరగదీసి, తరువాత 1000 రాయి మీద అదే కోణంలో, చివరి పది రుద్దులూ బరువు వేయకుండా ముగించండి. మొదటిసారి గంట పట్టినా కంగారు పడకండి. చేతికి నమ్మకం కుదరకపోతే, కప్పబాషిలో కొన్న చోటనే అడగండి, కత్తులు అమ్మే దుకాణాలు చాలావరకు రాతిమీద సాన పట్టి ఇస్తాయి.

ప్రశ్న అడిగినవారు

నిన్న చేశాను. పెద్ద పెచ్చు పూర్తిగా పోయింది, చిన్నది కనుపాప దగ్గరగా పెడితే కనిపించేంత మిగిలింది. టమాటా మళ్లీ మొదటి రోజులాగే తెగుతోంది. చివరిగా ఒక సందేహం: విజయవాడలో అమ్మకు ఇలాంటిదే మరొకటి తీసుకువెళ్లాలని ఉంది. అమ్మ చింతపండు చేత్తోనే కత్తి పట్టుకుంటుంది, ఆ ఊరి ఉక్కపోత సరేసరి.

సమాధానం 1 ఇచ్చినవారు

అలాంటప్పుడు లోపల అవోగామి ఉండి, రెండు పక్కలా స్టెయిన్‌లెస్ ఉక్కు అతికించిన రకం అడగండి. వాదర దగ్గర కొద్ది మిల్లీమీటర్లే కార్బన్ ఉక్కు బయటపడి ఉంటుంది, తుడవవలసింది ఆ మేరకే. ఆ కాస్త తుడుపు కూడా కుదరదనుకుంటే ఎచిజెన్‌లోనే తయారయ్యే వీజీ-10 స్టెయిన్‌లెస్ ఉక్కు కత్తి కొనండి, అందులో క్రోమియం దాదాపు 15 శాతం ఉంటుంది. పిడి మాగ్నోలియా కర్రదైతే నీళ్లలో నానబెట్టవద్దని ముందే చెప్పండి. దుకాణంవారు కట్టిన పెట్టెను విప్పకుండా ఇంటికి తీసుకువెళ్లండి, ఎందుకంటే జపాన్‌లో ఆరు సెంటీమీటర్లు మించిన అలుగును తగిన కారణం లేకుండా వెంట ఉంచుకోవడం నేరం. విమానంలో చేతిసంచిలో కాక, బరువు తూచి అప్పగించే పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. మొనకు అట్టముక్క తొడిగితే పెట్టె తెరిచి చూసేవారి చేయి కూడా తెగదు.